తువ్వాలు కింద ఎండ

కబురు 1

కాదు, ఆమె నాకు చుట్టం కాదు. అత్త కాదు, అక్క కాదు, మా వీధి మనిషి కూడా కాదు. ఇమాంబీ మా గుట్టల సర్కారుకి ఆర్థిక మంత్రి. నేను ఓబులేసుని, ఆమె తెరిచిన నీడ బజారులో మొదటి రోజే నీడ అమ్మినవాణ్ణి. మా ఇద్దరి మధ్య జరిగింది ఒక్క బేరం. అది కూడా మాట లేకుండా జరిగింది. అది చెప్దామనే ఈ కబురు.

ఎవరికి చేరుతుందో తెలీదు. మా గుట్ట మీది ఫోన్ల స్తంభం నుంచి పక్క గుట్ట స్తంభానికి, అక్కడి నుంచి ఇంకో దానికి పోతుందంటారు. చివర్న ఎవరో ఒకరు చదువుతారు కదా. నలుగురు చూస్తుంటే నా నాలుక అంటుకుపోతుంది. ఫోన్లో వేలితో అయితే ఎంతైనా చెప్తాను. బడికి పోయింది రెండేళ్లే, తప్పులుంటే సర్దుకోండి.

ఆ మొదటి రోజు పొద్దు పొడవక ముందే మా నీడ తెర తాళ్లు తడిపాను. తడపకపోతే మధ్యాహ్నానికి తాడు పుటుక్కున తెగుతుంది. పొద్దున తెరని తూర్పుకి వంచాలి, పొద్దు తిరిగాక పడమటికి వంచాలి. మా తెర అమ్మ కుట్టింది. నాలుగు ముక్కలు కలిసిన చోట నడిమధ్యలో చిన్న చిల్లు ఉండిపోయింది. దాంట్లోంచి నేల మీద నాలుగు మూలల చుక్క ఒకటి పడుతుంది. చిన్నపిల్లలు దాని మీద కాలు పెట్టి, కాలింది కాలిందని గెంతుతారు.

నిజంగానే కాలుతుంది. పొద్దు నెత్తికెక్కాక తెర బయట నిలబడితే చర్మం బొబ్బలెక్కుతుంది.

బజారు తెరిచిన రోజు ఇమాంబీ నేరుగా మా తెర కిందికి వచ్చింది. వెనక జనం. మంత్రి అంటే పెద్ద మనిషి అనుకున్నాను, పొట్టిగా ఉంది, కాళ్లకి చెప్పులు కూడా అరిగిపోయి ఉన్నాయి.

"ఏమప్పా, పొద్దు గుంకేదాకా నీ కింద కూర్చుంటా. ఎంత?" అంది.

నాకు నోరు పెగల్లేదు. అమ్మ వెనక నుంచి పొడిచింది. "చెప్పురా! నోట్లో రాయి పెట్టుకున్యావా?"

ఇమాంబీ భుజం మీది తువ్వాలు తీసి తన చేతి మీద కప్పుకుంది. "మాటొద్దు లే. చెయ్యి పెట్టు" అంది.

వాళ్ల నాయన మస్తాన్ పశువుల సంతలో దళారీ అట, పశువులున్న కాలంలో. అప్పట్లో ఎద్దు ధర నోటితో చెప్పేవాళ్లు కాదట. తువ్వాలు కింద చెయ్యి చెయ్యి కలిపి, వేళ్లు పట్టుకుని చెప్పేవాళ్లట. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఇద్దరికే తెలుస్తుంది. నేను ఆమె మూడు వేళ్లు పట్టుకున్నాను. ఆమె నా రెండు వేళ్లు పట్టుకుంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆమె పకపకా నవ్వింది.

"వీడు మాట్లాడడు గానీ, బేరం దిగడు!"

మూడు డబ్బు బిళ్లలు ఇచ్చి సాయంత్రం దాకా అక్కడే కూర్చుని అమ్మ చేసిన జొన్నరొట్టె తింది. నాకు ఆ రోజు పట్టపగలు ఈల వేయాలనిపించింది!

కబురు 2

బజారుకి ముందు మేం ఎట్లా ఉన్నామో చెప్పలేదు కదూ.

అప్పుడు నీడంతా దాన్ని పంచే సర్కారు డిపోది. కార్డు ఉన్నవాళ్లకి సర్కారు పందిరి కింద ఇన్ని గంటలని ఇచ్చేవాళ్లు. మేం వేరే గుట్ట నుంచి తర్వాత వచ్చినవాళ్లం, మాకు కార్డు లేదు. సొంతంగా తెర కడితే దాన్ని దొంగ నీడ అనేవాళ్లు. డిపోవాళ్లు విజిల్ వేసుకుంటూ వచ్చి కొడవలితో కోసేసేవాళ్లు. మా తెర ముక్కలైంది అట్లాగే. అమ్మ ఆ ముక్కలు రొట్టెల గంప అడుగున దాచింది. ఇప్పటికీ ఎక్కడైనా విజిల్ వినబడితే అమ్మ చెయ్యి ముందు తెర తాడు మీదికి పోతుంది.

డిపో పెద్ద పేరు తిరుపాలు సారు. ఇమాంబీ అదే డిపోలో కిటికీ దగ్గర కూర్చుని కార్డుల మీద ముద్ర వేసేదట. కార్డులవాళ్లు గంటలు మార్చుకుంటామంటే మార్చుకోనిచ్చిందని తిరుపాలు సారు ఆమెని పనిలోంచి తీసేశాడు. తర్వాత ఆమె ఎన్నికల్లో నిలబడి ఓడిపోయింది. మళ్లీ నిలబడి మళ్లీ ఓడిపోయింది. మూడోసారి పందిరి లేని మా ఎండ వీధి వాళ్లందరూ నడినెత్తిన ఎండలో గోనెలు కప్పుకుని వచ్చి ఓట్లేశారు. మంత్రి అయిన రోజు ఆమె సభలో చెప్పింది ఒక్కటే మాట.

"నీడ కట్టే చేతిని కార్డు అడగొద్దండి."

అంతే, డిపో మూతపడింది. తిరుపాలు సారుకి నీళ్ల శాఖ ఇచ్చారు.

ఇప్పుడు చూడాలి మా ఊరు! అప్పట్లో మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనబడేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం గోళీలాట ఆడుతున్నారు. మధ్యాహ్నం పెళ్లి చూపులు జరుగుతున్నాయి. అమ్మ రొట్టెలు పొద్దు తిరిగేలోపే అయిపోతున్నాయి. నారతో తెరలు నేసేవాళ్లు, గుంజలు చెక్కేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు, అందరికీ పనే. పక్క తెర పుల్లన్న అయితే నీడతో పాటు గాలి కూడా అమ్ముతున్నాడు, పైన విసనకర్ర కట్టి దాని తాడు కాలితో తొక్కుతాడు.

"నీడకొక ధర, గాలికొక ధర. రెండూ కావాలంటే తగ్గించి ఇస్తా, రాండి రాండి!" అని వాడి కేక గుట్ట దాకా వినబడుతుంది.

అమ్మ అంది, "వీడు రేపు మన ఊపిరికి కూడా ధర కడతాడు సూడు."

కబురు 3

ఈరోజు విచారమే, అయినా చెప్పాల్సింది ఉంది.

మా సర్కారు తొలి పెద్ద చెన్నారెడ్డి తాత చనిపోయాడు. మా ఊళ్లో తెర దించేది చావుకి మాత్రమే. ఇంట్లో చావైతే ఆ ఇల్లు దించుతుంది. ఊరి పెద్ద చావైతే ఊరంతా దించాలి, ఒక మధ్యాహ్నం. ఇంకెప్పుడూ ఎవరూ దించరు. గాలివాన వచ్చినా తాళ్లు పట్టుకుని వేలాడతారు గానీ దించరు. ఎవరినైనా బాగా తిట్టాలంటే "నీ తెర దిగ!" అంటారు. ఆ మాటకి తలలు పగిలిన రోజులున్నాయి.

అందుకని మధ్యాహ్నం ఊరంతా దించి, రాతి గోడల పక్కన ముడుచుకుని కూర్చున్నాం. అమ్మ కూడా దించింది, కానీ మడవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పసిపిల్లని పెట్టుకున్నట్టు.

సాయంత్రం నీళ్లకి పోతే కొళాయి ధారగా వచ్చింది! ఎన్నాళ్లయిందో అట్లా వచ్చి. బిందె నిండడానికి పట్టే టైంలో ముక్కు చీదుకుందామని పక్కకి తిరిగితే పొంగిపోయింది. "తాత పోతాపోతా నీళ్లిచ్చి పొయ్యె" అని ఆడవాళ్లు దణ్ణం పెట్టుకున్నారు. నేను కూడా పెట్టుకున్నాను.

కబురు 5

నాలుగోది పోలేదు, ఏదో స్తంభం పడిపోయిందట. అందులో పుల్లన్న పొడుగు గుంజ గురించి రాశాను. మళ్లీ చెప్తాను.

సాయంత్రం పూట నీడ పొడుగ్గా పడుతుంది కదా. గుంజ ఎంత ఎత్తైతే నీడ అంత దూరం పోతుంది. పుల్లన్నకి అది తట్టింది. తాటి చెట్టంత గుంజ పాతి పైన తెర కట్టాడు. సాయంత్రమయ్యేసరికి వాడి నీడ బజారు దాటి అవతల దాకా పడింది. అక్కడ కూడా గిరాకీలని కూర్చోబెట్టాడు. మర్నాడు వాడి పక్కవాడు ఇంకా ఎత్తు పాతాడు. ఆ మర్నాడు అందరూ. మేం కూడా పాతాం. అమ్మ కింద నుంచి అరుస్తూనే ఉంది, "పైకి, ఇంకా పైకి, పుల్లన్న కంటే జానెడు పైకి!" భలే పోటీ!

కానీ ఇప్పుడు కొళాయి సన్నబడింది. రోజురోజుకీ సన్నబడి ఈరోజు చుక్కలు. బిందె పెట్టి పోయి, రొట్టెలు కాల్చుకుని వస్తే కూడా నిండలేదు. లోతు బోరుకి మోటరు ఉంది, ఆ మోటరుకి పలకల చేను నుంచి కరెంటు వస్తుంది. పలకల చేను అంటే బజారుకి తూర్పున, పొద్దు తిరిగాకే ఎండ తగిలే వాలులో, ఎండకి కరెంటు తీసే పలకలు వరసగా పరిచిన జాగా. ఎండకేం తక్కువ లేదు. మరి కరెంటు ఎందుకు తగ్గింది?

కొళాయి ముందు సభ పెట్టారు. తిరుపాలు సారు లేచాడు. ఎత్తు మనిషి, గొంతు కూడా పెద్దది.

"నేను పగబట్టి చెప్పడం ల్యా. ఈ యమ్మ బజారు తెరిచినాక జనం మూడింతలైరి. నీడుందని చుట్టుపక్కల గుట్టలోళ్లంతా ఈడికే వస్తాండారు. తాగేవోళ్లు ఎక్కువైరి, అంతే. మళ్లీ కార్డులు పెట్టల్ల. కార్డు లేని తెర కోసెయ్యల్ల."

కోసెయ్యాలనగానే అమ్మ చెయ్యి గాల్లోకి లేచింది. అక్కడ తాడు లేదు, నా చొక్కా పట్టుకుంది.

ఇమాంబీ అంది, "సారూ, మనుషుల్ని కోసి నీళ్లు పెంచుతారా? జరంత టైమియ్యండి."

"టైమెంత?"

"వచ్చే సంత దాకా."

"సంత నాటికి కొళాయి రాకపోతే కుర్చీ ఇడిసిపెడతావా? కార్డుల కోటాకి అడ్డం రావు గదా?"

ఆమె చుక్కలు కారే కొళాయి తిప్పి కట్టేసింది. "ఇడుస్తా. అడ్డం రాను" అంది.

అంటే సంత దాకా కొళాయి రాకపోతే మా తెర పోతుంది. అమ్మ రొట్టెల అంగడి పోతుంది. మళ్లీ గోనె కప్పుకుని ఎండ వీధి. 

కబురు 6

కొత్త బోరుకి డబ్బు పోగెయ్యాలని ఇమాంబీ పొడుగు గుంజల మీద పన్ను వేసింది. ఒక గుంజ ఎత్తు తాటి చెట్టు దాటితే అదనంగా కట్టాలి. బాగుందనుకున్నాం. మర్నాటికల్లా పుల్లన్న తెర దిగకుండా నలుగురి చేత పట్టించి, పొడుగు గుంజ తీసేసి, పొట్టి గుంజలు రెండు తెచ్చి ఒకదాని మీద ఇంకోటి కట్టాడు.

"చూడమ్మా మంత్రీ, ఏదీ తాటి చెట్టంత లేదే!" అన్నాడు.

ఇమాంబీకి కోపం రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని పైకీ కిందికీ చూసి, "నీ బుర్రని నా ఆఫీసులో పెట్టుకోవల్ల పుల్లన్నా" అంది. నవ్వింది గానీ కళ్ల కింద నల్లగా ఉంది.

సాయంత్రం రొట్టెలు ఇవ్వడానికి పలకల చేను కావలివాడి దగ్గరికి పోయాను. తిరిగొస్తుంటే ఒక పలక మీద చుక్క కనబడింది. నాలుగు మూలల చుక్క, తెల్లగా మెరుస్తోంది. చుట్టూ అంతా నీడ.

అది మా చుక్క!

వెనక్కి తిరిగి చూశాను. అంత దూరాన మా తెర, మా పొడుగు గుంజ. పక్కన పుల్లన్నది, వాడి పక్కవాడిది, అందరివీ. అందరి నీడలూ ఒకదాని పక్కన ఒకటి వాలులోకి వచ్చి పలకల మీద పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కరిది కొంచెం కొంచెం. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చేనంతా కప్పేశాం! పలకలకి ఎండ లేదు, మోటరుకి కరెంటు లేదు. పొడుగు గుంజలకి ముందు కూడా చేను పక్క తెరల నీడ కొంత పడుతుండేది; తాత చనిపోయిన రోజు ఊరంతా తెరలు దిగాయి, అందుకే ఆ సాయంత్రం కొళాయి ధారగా వచ్చింది.

మనుషులు ఎక్కువై కాదు! నాకు అక్కడే అరవాలనిపించింది. ఎవరూ లేరు కాబట్టి అరిచాను కూడా. కావలివాడు పరిగెత్తుకుని వచ్చి, "పాము కరిసిందా?" అని అడిగాడు.

కబురు 7

చెప్పాలి. నాకు తట్టిన బేరం నోటితో ఎట్లా చెప్పాలి? సభలో అందరూ ఉన్నారు. నేను వెనక నిలబడి, ముందుకి రెండుసార్లు పోయి రెండుసార్లు తిరిగి వచ్చాను.

పలకల సంగతి అయితే పొద్దునే ఫోన్లో రాసి ఇమాంబీకి చూపించాను. ఆమె అది చదివి చేను దాకా స్వయంగా పరిగెత్తింది. తిరిగొచ్చి సభలో అదే చెప్పింది. అప్పటికే తిరుపాలు సారు లేచాడు.

"ఇంగేముండాది? ఒక్క ఆర్డరు ఇస్తే సాలు. చేను పక్కనుండే తెరలన్నీ రేపు కోయిస్తా. కొడవళ్లు ఇంకా డిపోలోనే ఉండాయి."

"ఆర్డరు ఇయ్యను సారూ. ఈరోజు వీళ్లవి కోస్తే రేపు ఎవురివి? తెర వాళ్లది."

"మరి నీళ్లు?"

 మొదటిసారి ఆమె నోట మాట రాకపోవడం చూశాను. ఆ బాధ నాకు బాగా తెలుసు. అందుకే కాబోలు కాళ్లు కదిలాయి.

మా అమ్మ భుజం మీది తువ్వాలు లాక్కుని, ముందుకి పోయి, చేతి మీద కప్పుకుని, తిరుపాలు సారు ముందు చాపాను.

జనం గొల్లున నవ్వారు. "రేయ్, నీళ్ల శాఖకి నీడ అమ్ముతాడంటరా వీడు!"

"ఏందిరా ఇది?" అన్నాడు తిరుపాలు సారు. "ఏం అమ్ముతాండావు?"

తువ్వాలు ఇంకాస్త ముందుకి జరిపాను. 

"ఎండ" అన్నాను.

ఇంకా పెద్దగా నవ్వారు. పుల్లన్న అయితే పొట్ట పట్టుకున్నాడు. "ఎండ కొనేదేందిరా? ఊరికే కురుస్తాండాదే!"

ఒక్క ఇమాంబీ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, నా మొహంలోకి చూసి, "ఓబులేసా" అంది. పేరు గుర్తుంది ఆమెకి! "నీ తెర దించితే సారు పలకల మీద నీ వంతు ఎండ పడుతుంది. ఆ ఎండని సారుకి అమ్ముతానంటాండావు. అంతేనా?"

తల ఊపాను.

ఆమె జనం వైపు తిరిగింది.  "నేనెంత మొద్దుని! నీడకి ధర పెట్టినా, ఎండకి పెట్టలేదు. నీడ కట్టినోడికే లాభం గానీ, ఇడిసినోడికి ఏముండాది? సారూ, చెయ్యి పెట్టండి. పిల్లోడు బేరానికొచ్చినాడు."

తిరుపాలు సారు అటూ ఇటూ చూశాడు. కొడవళ్ల మనిషి ఆయన, తువ్వాలు కింద ఎప్పుడూ చెయ్యి పెట్టి ఉండడు. పెట్టాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. ఒక మధ్యాహ్నం ఎండకి ఒక బిందె నీళ్లన్నట్టు ఒక వేలు పట్టుకున్నాడు. నేను మూడు పట్టుకున్నాను. ఆయన రెండు. నేను చెయ్యి వెనక్కి లాగబోయాను. ఆయన గబుక్కున మూడు పట్టుకున్నాడు.

"నీయబ్బ! వీడెవుడి కొడుకురా?" అన్నాడు. అమ్మ వెనక నుంచి, "నా కొడుకు!" అని అరిచింది.

కబురు 8

అయిపోయింది అనుకున్నాను. కాలేదు.

ఇంటికి వచ్చి తాడు ముడి మీద చెయ్యి వేయగానే అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఎవురు సచ్చినారని దించుతాండావు?"

"అమ్మా, బేరమైంది కదా. నీళ్లిస్తారు."

"బిందెలు కాదు, బాయి ఇచ్చినా దించను. ఇంట్లో ఇద్దరం బతికుండాం."

పుల్లన్నని అడిగితే చెవులు మూసుకున్నాడు. "మా ఆవిడ కడుపుతో ఉందిరా, తెర దించమంటావా? నీళ్లు నేను కొనుక్కుంటా పో." వీధంతా అదే మాట. ధర బాగుందంటారు. దించమంటే మాత్రం తలుపు వేసుకుంటారు. బేరం నేను చేశాను గానీ, తెర చావుకే దిగుతుందనే సంగతి మర్చిపోయాను. ఇమాంబీ కూడా మర్చిపోయింది. నీడకి, ఎండకి ధర కట్టొచ్చు. దీనికి ఎవరు కడతారు?

సాయంత్రం ఇమాంబీ మా ఇంటికి వచ్చింది. అమ్మ రొట్టె పెట్టింది గానీ మొహం ఇవ్వలేదు.

"అమ్మా, తెర కట్టుకోమని నువ్వే ఇస్తివి. ఇప్పుడు దించమని నువ్వే వస్తివి."

"దించమనడానికి రాలేదక్కా. ఎందుకు దించవో తెలుసుకుందామని వచ్చినా."

అమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "నా మొగుడు పొయ్యినప్పుడు దించడానికి మాకు తెరే ల్యాకపాయె. అంతకు ముందే డిపోవోళ్లు కోసిరి. ఆయన్ని ఎండలోనే పెట్టినాం. పక్కింటోళ్లు దాచి కట్టుకున్న తెర దించితే బయటపడి కార్డు పోతాదని భయపడిరి. ఆ పొద్దు అనుకున్యా, ఈసారి తెర కడితే దాన్ని దించేది నేను పొయ్యినప్పుడే అని."

నాకు ఈ సంగతి తెలీదు. నాయన పోయినప్పుడు నేను చాలా చిన్నవాణ్ణి. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

 రొట్టె ముక్క ఇమాంబీ చేతిలోనే ఉంది. ఆమె మెల్లగా అడిగింది, "చెన్నారెడ్డి తాత పొయ్యినప్పుడు దించితివి గదక్కా?"

"అది ఊరి చావు. పెద్ద కుర్చీ మనిషి పోతే అందరూ దించల్ల. నా తెర, నీ తెర అని ఉండదు."

ఇమాంబీ లేచింది. రొట్టె మిగిలింది నోట్లో పెట్టుకుని, చేతులు దులుపుకుని, అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"శానా మంచి రొట్టెక్కా" అని వెళ్లిపోయింది. అమ్మ, నేను మొహాలు చూసుకున్నాం.

కబురు 9

అక్షరాలు తప్పుతున్నాయి, ఏమనుకోవద్దు! ఇప్పుడే, ఇప్పుడే జరిగింది!

సంత రోజు కదా. పొద్దున కొళాయి చుక్క కూడా రాలేదు. తిరుపాలు సారు మనుషులు డిపో తలుపు తెరిచారు. విజిల్ ఒకటి వినబడింది. అమ్మ తెర తాడు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేను పక్కన.

పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలింది. ఆర్థిక మంత్రి ఆఫీసు బజారు మధ్యలోనే ఉంది, మెట్లు ఎక్కాలి. దాని మీద ఊళ్లోకెల్లా పెద్ద తెర, నీలం రంగుది. ఇమాంబీ ఒక్కతే మెట్లెక్కి, గుంజ దగ్గర నిలబడి, ముడి విప్పింది.

నీలం తెర జారి కింద పడింది.

ఒక్కసారిగా బజారంతా ఆగిపోయింది. గోళీలాడే పిల్లలు కూడా ఆగారు. ఎవరో ముసలమ్మ అలవాటు కొద్దీ, "ఓ నాయనో, ఎవురు పొయిరో!" అని ఏడుపు మొదలుపెట్టింది. ఇంకో నలుగురు అందుకున్నారు. అంత ఎండలో ఇమాంబీ నెత్తి మీద ఏమీ లేకుండా నిలబడి ఉంది.

"ఏడ్వండమ్మా, ఏడ్వండి" అంది. "ఆర్థిక మంత్రి చచ్చిపాయె. పొద్దున్నే కుర్చీ తిరుపాలు సారుకి ఇచ్చేసినా. పొద్దు గుంకేదాకా కొడవలి ముట్టకూడదని మాట తీసుకున్యా. సారూ, అవునా కాదా?"

తిరుపాలు సారు కింద నిలబడి, మొహం తుడుచుకుంటూ, "అవును" అన్నాడు.

"మంత్రి చావు ఊరి చావా, కాదా?"

 అందరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆమె మెడ మీద చర్మం ఎర్రబడడం నాకు ఇక్కడి నుంచే కనబడింది.

ఏడుస్తున్న ముసలమ్మ ఏడుపు ఆపి అడిగింది, "మరి నువ్వు బతికే ఉండావు గదమ్మా?"

"నేనా? నేను మస్తాన్ దళారీ కూతురు ఇమాంబీని. నాకేమైంది? నా ఎండ అమ్మకానికి ఉండాది, కొనేవోళ్లు తువ్వాలు తెచ్చుకోండి!"

ముందు నవ్వింది ముసలమ్మే. తర్వాత బజారంతా. నవ్వు ఆగకముందే పక్కన ఏదో కదిలింది. అమ్మ! తాడు ముడి విప్పుతోంది. ముడి బిగుసుకుపోయింది, వేళ్లు జారుతున్నాయి.

"సూస్తాండావేందిరా, పట్టు!" అంది.

పట్టాను. ఇద్దరం కలిసి విప్పాం. మా తెర దిగింది. ఎండ కుమ్మరించినట్టు మీద పడింది. అమ్మ తెరని ఒళ్లోకి తీసుకుని, రాతి గోడ పక్కకి జరిగి, నాకు మాత్రమే వినబడేట్టు అంది.

"ఈ పొద్దు మీ నాయనకి కూడా దించినా."

తర్వాత పుల్లన్నది దిగింది. భార్య కడుపు మీద చెయ్యి పెట్టి దణ్ణం పెట్టి దించాడు. వాడి పక్కవాడిది. ఆ వరసంతా. కింది వరసంతా. తెరలు దిగే చప్పుడు మీరు వినాలి, ఊరు ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టుంది. పలకల చేను మొత్తం మెరిసిపోయింది, కళ్లు మూసుకున్నా కనబడుతోంది. మోటరు దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గింది. తర్వాత ఆగకుండా మోగింది!

కొళాయి ముందు గాలి చీదింది. తర్వాత ఎర్ర నీళ్లు. తర్వాత తెల్లటి ధార!

జనం గోడల నీడల్లోంచి కేకలు వేశారు. ఎవరో ఇమాంబీని లాక్కెళ్లి గోడ పక్కన కూర్చోబెట్టి, తడి గుడ్డ నెత్తిన వేశారు. ఆమె నవ్వుతూనే ఉంది.

కబురు 10

సంత అయి కొన్నాళ్లయింది. మీకు మొత్తం చెప్పలేదని గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం అందరూ తెరలు మళ్లీ కట్టుకున్నారు. తిరుపాలు సారుకి కోటా ఆర్డరు ఇవ్వడానికి అప్పుడు అడ్డేమీ లేదు, పొద్దు గుంకింది, కుర్చీ కూడా ఆయనదే. కానీ మర్నాడు పొద్దునే మా అమ్మ ఆయన దగ్గరికి పోయి, చెయ్యి మీద తువ్వాలు కప్పుకుని నిలబడింది.

"సారూ, నా ఎండ ఏమిస్తావు?"

ఒకసారి దించిన చెయ్యి కదా, రెండోసారి అంత కష్టం కాలేదట. అమ్మ వెనక పుల్లన్న, పుల్లన్న వెనక పది మంది. తిరుపాలు సారు కొడవళ్లు కరిగించి గుంజలకి మేకులు చేయించాడు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం చేను పక్కన వంతులవారీగా తెరలు దిగుతాయి. దించేటప్పుడు ఇంకా ఒకరిద్దరు అలవాటు కొద్దీ ముక్కు చీదుతారు. తర్వాత బిందె పట్టుకుని వరసలోకి వస్తారు.

తిరుపాలు సారు గురించి నవ్వొచ్చే మాట ఒకటి. ఆయన ఇప్పుడు తువ్వాలు లేకుండా ఆఫీసుకి పోడు. వేలు పట్టుకుంటే నొప్పి పుడుతుంది, అంత గట్టి బేరం. అమ్మ దగ్గర మాత్రం ఓడిపోతాడు.

ఇమాంబీ మళ్లీ ఎన్నికల్లో నిలబడతానని చెప్పలేదు, నిలబడనని కూడా చెప్పలేదు. బజారు చివర చిన్న రాయి మీద కూర్చుని ఎండకి, నీడకి దళారీ పని చేస్తోంది, వాళ్ల నాయన లాగే. మెడ మీద కాలిన మచ్చ ఉండిపోయింది. పక్క గుట్టలోళ్లు వచ్చి ఆమెని అడుగుతున్నారట, మా ఊళ్లో కూడా ఇట్లా చేయొచ్చా అని. నిన్న నన్ను పిలిచి, "ఓబులేసా, వీళ్లకి నువ్వే చెప్పు" అంది. అందరూ నా వైపు తిరిగారు. నాలుక మళ్లీ అంటుకుపోయింది. ఆమె నవ్వి, "సరే పో, రాసి పంపు" అంది.

అందుకే రాస్తున్నాను. ఇది ఎంత దూరం పోయిందో, ఎన్ని స్తంభాలు దాటిందో, మీరెక్కడున్నారో నాకు తెలీదు. మీ ఊళ్లో నీడనిచ్చే చెట్లు ఉన్నాయేమో. ఒకటి మాత్రం అడగాలనుంది, జవాబు పంపండి.

మీ దగ్గర ఎండ ఇంకా ఊరికే పడుతోందా?